గాలిగుమ్మం మూసినవాళ్లకు

1

మా గాలిని మీరు దొంగిలించారు. దీనికి మెత్తటి మాట ఉంటే ఉండొచ్చు, నేను వెతకను. గాలిగుమ్మంలో చలిబురుజులు నిలబెట్టి, తెల్లవారి మా లోయలోకి రావలసిన పొగమంచునంతా అక్కడే పిండుకుంటున్నారు. చివరి వరసలో వలలు ఎండిపోయాయి. నార పెళుసెక్కింది, చేత్తో పట్టుకుంటే పుటుక్కున తెగుతోంది. పిల్లలు పొద్దున్నే లేచి వల కర్రలు నాకుతున్నారు.

ఇది ఆ పిండిన నీళ్లని గడ్డ కట్టించే ఐసు షెడ్డు డ్యూటీ పుస్తకం. ప్రతి షిఫ్టు చివర లోపల చలి ఎంతుందో, ఎన్ని గడ్డలు కట్టామో, ఎన్ని పగిలాయో రాయాలి. పక్కన 'విశేషాలు' అని వెడల్పాటి గడి ఒకటి ఉంటుంది. ఇన్నాళ్లూ అందరూ అందులో 'ఏమీ లేవు' అని రాస్తూ వచ్చారు. ఈ పేజీలు ఐసు బండితోపాటు పైన మీ ఇంజన్లుండే పైకొలిమికి పోతాయి. అక్కడ ఎవరో చదివి ముద్ర వేస్తేనే మరుసటి బండికి దారి ఇస్తారు. అంటే చదివే మనిషి ఒకరున్నారు. విశేషాలూ ఉన్నాయి. రాస్తున్నాను.

నా పేరు అసిరితల్లి. షెడ్డులో గడ్డలు మోస్తాను. మా ఇల్లు చివరి వరసలో. నేను బడికి పోలేదు. మీ దొరల పిల్లలు పాడైందని పారేసిన, పాఠాలు చెప్పే పెట్టె ఒకటి దొరికితే, దాని పక్కన కూర్చుని చదవడం, రాయడం నేర్చుకున్నాను. తప్పులుంటే ఆ పెట్టెనే అడగండి.

చలి సరిపోయింది. గడ్డలన్నీ కట్టాం. పగిలినవి లేవు.

2

మీరు ఆకాశంలో ఉంటారు కాబట్టి మాకు గాలి ఎటునుంచి వస్తుందో తెలియకపోవచ్చు. చెబుతాను.

ఈ లోయలో వాన పడదు, ఏరు లేదు. పొద్దు పొడిచే వేళ గాలిగుమ్మం లోంచి పొగమంచు వస్తుంది. రెండు కొండల మధ్య సందు అది. లోయకి అడ్డంగా వరసలు వరసలుగా ఇళ్లు, ఒక్కో ఇంటి ముందు ఒక్కో నారవల. పొగమంచు వలకి తగిలి బొట్లవుతుంది, బొట్లు కిందికి జారి కుండలో పడతాయి. అవే తాగడానికి, వండుకోడానికి.

ముందు వరస వల తాగగా మిగిలిన గాలే వెనక వరసకి వస్తుంది. అందుకని ప్రతి ఇల్లూ ఆ పూట నిండిన తొలికుండని వెనక ఇంటికి ఇస్తుంది. తొలికుండ మనది కాదు. వెనక ఇంటివాళ్లు సాయంత్రం ఖాళీ కుండ తెచ్చి ముందు ఇంటి గుమ్మంలో పెట్టి పోతారు, పొద్దున్న నిండిన కుండ పట్టుకెళతారు. నోరు తెరిచి అడగరు. అడిగే దాకా తెచ్చుకుంటే ఇద్దరికీ నామోషీ. మాది చివరి వరస, మా వెనక ఇళ్లు లేవు. మేం తొలికుండని నార పొదలకి పోస్తాం, వలలకి నార ఇచ్చేది అవే కాబట్టి.

అందుకే ముందు వరసలో ఉండటానికి ఎవరూ ఎగబడరు. ముందున్నవాడికి నీళ్లు ఎక్కువ, బరువూ ఎక్కువే. గాలిగుమ్మంలో అయితే అసలు ఎవరూ ఇల్లు కట్టలేదు. అక్కడ కడితే లోయ మొత్తానికి బాకీ పడ్డట్టే.

మీ ఏజెంటు దొర, ఆయన మాట మాకు చెప్పడానికి దుబాసీ సుందరశివం గారు వచ్చి, ఈ గుమ్మం ఎవరిదని అడిగారు. ఎవరిదీ కాదన్నాడు తవిటయ్య మావ. మా అమ్మకి తమ్ముడు, అన్ని వరసలకీ పెద్ద. అయితే మేం అక్కడ ఉంటాం, పెద్ద పెద్ద బురుజులు కడతాం అని దుబాసీ చెప్పాడు.

మావకి కళ్లంట నీళ్లొచ్చాయి. కావాలని ముందు నిలబడతామంటున్నారు, అందులోనూ అంతంత బురుజులు, వాటి తొలికుండ ఎంత ఉంటుందో చూసుకోండి అని అందరికీ చెప్పాడు. కాగితం మీద వేలు వేశాడు. లోయంతా కదిలి వెళ్లి మీ ఇనప దూలాలు కొండ మీదికి లాగింది. డప్పులు కొట్టుకుంటూ లాగింది. కూలి ఇస్తామంటే వద్దన్నాం. పక్కింటివాడు ఇల్లు కట్టుకుంటుంటే కూలి తీసుకుంటామా?

మీ రికార్డుల్లో 'స్థానికులు సంతోషంగా సహకరించారు' అని ఉందట. నిజమే. మేం ఎందుకు సంతోషించామో మాత్రం రాయలేదు.

3

బురుజులు మొదలైన సాయంత్రమే మావ కొత్త కుండలు తీసుకుని కొండెక్కాడు. కొత్త పొరుగు గుమ్మంలో పెట్టే కుండకి సున్నం చుక్కలు పెడతాం. మా నూకాలప్ప కూర్చుని ఒక్కో వరస పేరున ఒక్కో కుండకి చుక్కలు పెట్టింది. నూకాలప్ప అంటే మా అక్క. లోయలో వల అల్లడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

మావ వాటిని మీ గేటు దగ్గర వరసగా పెట్టి వచ్చాడు. తెల్లవారి వెళితే కుండలు లేవు. లోపలికి పట్టుకెళ్లారు, నింపి పంపుతారు, కొత్తవాళ్లు కదా ఆలస్యమవుతుంది అన్నాడు. సాయంత్రం ఇంకో జట్టు పెట్టాడు. అవీ పోయాయి. అలా పెడుతూనే ఉన్నాడు. మాకు పొద్దున్న వల కింద పడే బొట్లు తగ్గుతూనే ఉన్నాయి. ముందు వరసలవాళ్లు తమకే చాలకపోయినా వెనక్కి తొలికుండ ఇస్తూనే వచ్చారు. కుండ మాత్రం చిన్నదవుతూ వచ్చింది.

ఒక రోజు దుబాసీ గుడ్డల మూట, అద్దం కట్టిన కాగితం ఒకటి పట్టుకుని మా వరసకి దిగాడు. దొరగారికి మీ కానుకలు ఎంతో నచ్చాయి, వాళ్ల దేశంలో పెద్ద ప్రదర్శనకి పంపించారు, ఇంత విశ్వాసమున్న ప్రజల్ని ఎక్కడా చూడలేదన్నారు అని చెప్పాడు. కాగితంలో అదే రాసి ఉంది. కింద దొర సంతకం.

మావ ఆ అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి నూకాలప్పే అంది.

"మావా, నీ కుండలే అదృష్టమంతులు. మనం కొండ దాటనేదు, అయ్యి సముద్రాలు దాటెల్లిపోనాయి."

కొంతమంది నవ్వారు. మావా నవ్వాడు. తర్వాత దుబాసీని పక్కకి పిలిచి, ఆ కుండలు ఎందుకు పెట్టామో దొరకి తెలుసా అని అడిగాడు. తెలియదన్నాడు దుబాసీ. మీకు తెలుసా అని అడిగాడు. దుబాసీ కిందికి చూశాడు. ఆయన తల్లి మూడో వరస మనిషి. ఆయనకి తెలుసు.

నేను అడుగుతున్నాను. ఖాళీ కుండని ఎవరైనా కానుకగా ఇస్తారా? ఆ మాట మీలో ఒక్కరికీ తట్టలేదా?

చలి సరిపోయింది. రెండు గడ్డలు పగిలాయి.

4

మూటలో వచ్చింది కంపెనీ వల గుడ్డ. పైకొలిమి యంత్రాల మీద నేసింది. తెల్లగా, నున్నగా, అంతా ఒకేలా ఉంటుంది. ముందు ఊరికే పంచారు. తర్వాత అమ్మడం మొదలుపెట్టారు. నార వలకన్నా చాలా చవక.

నూకాలప్ప ప్రతి వరసకీ ముడి మారుస్తుంది. ముందు వరసల్లో గాలి విసురు ఎక్కువ, అక్కడ వదులు ముడి. వెనక గాలి నీరసంగా వస్తుంది, అక్కడ కళ్లు చిన్నవి చేసి బిగిస్తుంది. ఇది మా అమ్మ దగ్గర నేర్చుకుంది, అమ్మ వాళ్లమ్మ దగ్గర. కంపెనీ వల వచ్చాక ఆమెని పిలిచేవాళ్లు లేరు. విసురున్న చోట కంపెనీ వల చిరిగింది, విసురు లేని చోట తడవలేదు. అయినా అందరూ అదే కొన్నారు, చిరిగితే మళ్లీ అదే కొన్నారు. వాళ్లని తిట్టను. ఎండిన వలకి ఎక్కువ ధర పెట్టడం ఎవడికి మనసొప్పుతుంది?

నార పొదలు కొట్టేసి ఆ చోట మీ ఐసు బండికి పట్టాలు వేశారు. ఇప్పుడు నార వల కావాలన్నా అల్లేందుకు నార లేదు. పట్టాలు మాకు కూడా పనికొస్తాయని దుబాసీ చెప్పాడు. బండి ఇటునుంచి ఐసుతో పోతుంది. అటునుంచి వల గుడ్డతో వస్తుంది.

5

పాఠాల పెట్టెలో 'ఆవిరి యుగం' అని ఒక పాఠం ఉంది. మా ముత్తాతలు వదిలొచ్చిన పాత భూమి మీద, ఐరోపా అనే చోట, బొగ్గుతో నడిచే యంత్రాలు వచ్చాయి. ఊరంతా కలిసి నేసే గుడ్డని ఒక్క మిల్లు నేసేస్తుంది. మిల్లుకి పత్తి కావాలి, అక్కడ పత్తి పండదు. నేసిన గుడ్డ కొనేవాళ్లు కావాలి, అక్కడివాళ్లకి అంత గుడ్డ అక్కర్లేదు. తర్వాత రబ్బరు కావాలి, తగరం కావాలి, రాగి కావాలి. ఒక దేశంవాడు ఓడ వేసుకుపోతే రెండో దేశంవాడు వాడికన్నా ముందు పోవాలి. దూరం పోవడానికి ఆవిరి ఓడ, వార్తకి తంతి, చలిజ్వరానికి మందు, ఎదురు తిరిగినవాళ్లకి మరతుపాకి. అన్నీ మిల్లులున్న కాలంలోనే చేతికొచ్చాయి. ఒక నగరంలో బల్ల చుట్టూ కూర్చుని ఆఫ్రికా అనే ఖండాన్ని పంచుకునే రూల్స్ రాసుకున్నారు. ఆ ఖండం మనిషి ఒక్కడూ ఆ బల్ల దగ్గర లేడు. వెళ్లింది మాత్రం అక్కడివాళ్లని బాగుచెయ్యడానికే అని చెప్పుకున్నారు.

మా ముత్తాతల తీరం కూడా అందులో ఉంది. రెండే వాక్యాలు. కరువు సంవత్సరాల్లోనూ రైళ్లు ధాన్యాన్ని రేవులకి చేరవేశాయని ఒకటి. ఆ తీరం నుంచి కూలీలు పరాయి తోటలకి ఓడలెక్కారని ఇంకొకటి. పాఠం చివర ప్రశ్న ఉంది: రైళ్ల వల్ల కలిగిన మూడు లాభాలు రాయండి. ఎవరికి అని రాశాను. తప్పని పెట్టె ఎర్రదీపం వెలిగించింది.

మర్నాడు ఐసు లెక్క చూడటానికి దుబాసీ షెడ్డుకి వచ్చాడు. చల్లగా ఉంటుందని ఆయన లోపలే కాసేపు నిలబడతాడు. అడిగేశాను, మీ దొరకి మా మీద పగేమిటని. ఆయన నవ్వలేదు.

"పగ లేదు అసిరితల్లీ, ప్రేమా లేదు. పైకొలిమిలో ఇంజన్లు కాలిపోతున్నాయి. వాటిని చల్లార్చడానికి నీళ్లు కావాలి. ఈ లోయ మా కంపెనీ తీసుకోకపోతే మాతో పోటీ పడే అవతలి కూటమి తీసుకునేది. వాళ్లు ఇప్పటికే రెండు లోయలు పట్టారు. వాళ్లైతే కుండలకి కాగితం కూడా ఇవ్వరు."

"మీ ఇంజన్లు ఏటి చేస్తాయి?"

"ఓడలు చేస్తాయి."

"ఓడలెందుకు?"

"ఇంకా లోయలు వెతకాలి కదా," అన్నాడు.

మమ్మల్ని ఎవరైనా అడిగారా అన్నాను. అడిగాం, మీ మావే వేలు వేశాడు అన్నాడు. మావ దేనికి వేలు వేశాడో నీకు తెలుసు, నీ తల్లిది మూడో వరస, నువ్వు తొలికుండ నీళ్లు తాగి పెరిగావు అన్నాను. గౌరవం ఇవ్వకుండా మాట్లాడాను, అది నిజం. ఆయనకి కోపం రాలేదు. తనకి ఇద్దరు పిల్లలున్నారని, దుబాసీ ఉద్యోగానికి ఎప్పుడూ ఇంకొకడు వెనక నిలబడే ఉంటాడని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన మంచివాడో కాదో తేల్చుకోలేకపోయాను. తేల్చుకుని ఏం చెయ్యాలి? ఏజెంటు దొర కూడా మంచివాడేనట. ఉత్తరాల్లో వాళ్లమ్మకి మా ఎడారి పువ్వుల బొమ్మలు వేసి పంపుతాడట.

6

షెడ్డులో పనిచేసేవాళ్లకి కంపెనీ పూటకి ఒక డబ్బా నీళ్లిస్తుంది. నా డబ్బా ఇంటికి తెస్తాను. నూకాలప్ప, నేను, మావ పంచుకోవాలి. మావ తన వాటా తీసుకుని ముందు కొంచెం తీసికెళ్లి పట్టాల పక్కన మిగిలిన నార పొద మొదట్లో పోస్తున్నాడు. తొలికుండ అంటాడు. మిగిలిందే తాగుతాడు. పెదాలు పగిలి నెత్తురొస్తున్నా అదే.

మావా, ఆ నీళ్లు వల కింద పడినవి కావు, కంపెనీవి అన్నాను.

"కంపెనీకెక్కడివే గుంటా? ఆ గుమ్మంలోంచి వచ్చిన గాలే గదా. అదే నీళ్లు, అదే వరస. ఆళ్లు తప్పినారని నానూ తప్పీమంతావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను. ఆయన పొద దగ్గర కూర్చుని ఆకులు తుడుస్తూ ఉన్నాడు.

అలాంటి మనిషి ఒక రోజు, నానెల్లి అడుగుతాను అన్నాడు. మా అమ్మ బతికి ఉండగా ఎవరూ ఎవరినీ నీళ్లు అడగడం నేను చూడలేదు. ఆయనతో నేనూ కొండెక్కాను. ఆయన మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకున్నాడు, నా భుజం పట్టుకోలేదు.

ఏజెంటు దొర బయటికి వచ్చాడు. కుర్చీ వేయించాడు. మావ కూర్చోలేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు మాకు ముందున్నారు," అన్నాడు. "తొలికుండ ఇప్పించండి. చివరి వరసకి సాలు. మిగతా వరసలోల్లు ఎలాగో బతుకుతారు."

దుబాసీ దాన్ని దొర భాషలో చెప్పాడు. ఎంత చెప్పాడో, ఏం చెప్పాడో నాకు తెలియదు. దొర చాలా జాలిగా విన్నాడు. నిజంగానే జాలి, నేను మొహం చూశాను. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. నీళ్లు ఊరికే పంచితే ప్రజలు సోమరులవుతారని, లోయలన్నిటిలోనూ అది చూశామని దుబాసీ చెప్పాడు. కానీ కంపెనీ ఎవరినీ చావనివ్వదట. పైకొలిమిలో పనివాళ్లు కావాలట. ఏడేళ్లకి వేలు వేసి వచ్చినవాళ్లకి అక్కడ కడుపునిండా నీళ్లట. కుటుంబాలు కుటుంబాలుగా రావచ్చు, బండిలోనే తీసుకుపోతారు. ముసలివాళ్లు మాత్రం అక్కర్లేదు.

మావ తలగుడ్డ చుట్టుకున్నాడు. దిగేటప్పుడు ఒక్క మాటే అన్నాడు.

"అడిగేసినాను."

7

తవిటయ్య మావ పోయాడు. పొద్దున్న నార పొద పక్కన ఒరిగి ఉన్నాడు. నేల తడిగా ఉంది, డబ్బా ఖాళీగా ఉంది. ఆ పూట మొత్తం పోసేశాడు.

విశేషాల గడిలో షెడ్డుకి సంబంధించినవే రాయాలని మీ రూలు. ఆయన పోయిన వేళకి షెడ్డులో అరుగుల మీద నుంచి కప్పు దాకా ఐసు పేర్చి ఉంది. నేనే పేర్చాను. కాబట్టి ఇది షెడ్డుకి సంబంధించినదే.

గడ్డలు లెక్క పెట్టలేదు.

8

నూకాలప్ప వేలు వేసింది.

నాకు చెప్పకుండా వేసింది. దుబాసీ పందిరి కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. చివరి వరసలో సగం ఇళ్లవాళ్లు వరసగా నిలబడ్డారు. ఈ బండికే పయనం. ఐసు పెట్టెల వెనక చివరి పెట్టె వాళ్లకి.

నేను ఇంటికి వెళ్లేసరికి ఆమె అల్లిక సూదులు నార గుడ్డలో చుడుతోంది. అక్కడ నారెక్కడిది, సూదులెందుకు అన్నాను. ఉండనీ అంది. పాఠంలో చదివినదంతా చెప్పాను. ఓడలెక్కినవాళ్ల సంగతి, ఏళ్లు అయిపోయినా తిరిగిరాని వాళ్ల సంగతి. ఆమె విని, నీ పెట్టెలో ఆళ్లు ఎందుకెక్కినారో రాసుందా అని అడిగింది. లేదన్నాను.

"నాను సెప్తాను. దాహమేసి ఎక్కినారు."

"నా డబ్బా ఉంది గదప్పా."

"నీ డబ్బా తాగి మావ పోనాడు. రేపు నీ డబ్బా తాగి నాను పోతాను, ఎల్లుండి నువ్వు. ఒక డబ్బా ముగ్గురికి సాలదే. ఇద్దరికీ సాలదు." మూట బిగించి ముడి వేసింది. వదులు ముడి, ముందు వరసలకి వేసే ముడి. "ఏడుపు మొహమెట్టకు. నానెల్లేది పెళ్లికి కాదు గానీ, సావుకీ కాదు."

వెళ్లవద్దు, పారిపోదాం, వేలు వేసినా ఎవరు పట్టుకుంటారు అన్నాను. అప్పుడు నిజంగా కోపం తెచ్చుకుంది. ఇచ్చిన మాట మా లోయలో ఎవరూ వెనక్కి తీసుకోరు. మాట పుచ్చుకున్నవాడు వదిలేస్తేనే వదిలినట్టు. మీకిచ్చిన మాట కాబట్టి తప్పొచ్చని నేను అనుకుంటాను. ఆమె అనుకోదు. మావా అనుకోలేదు. మీ బురుజులు ఇంకా నిలబడి ఉన్నది ఆ ఒక్క కారణం వల్లేనని మీకు తెలుసా? లోయలో ఇంతమందిమి ఉన్నాం. లాగి నిలబెట్టినవాళ్లకి లాగి పడెయ్యడం రాదా?

"నువ్వు బండి ఆపితే ఆగుతాను," అంది, బండి దగ్గరికొచ్చి చివరి పెట్టె మెట్టెక్కుతూ. "నానై దిగను."

9

బండి ఆపాం.

గురువులు మేస్త్రీకి రాత్రంతా నిద్ర లేదట. షెడ్డు మొత్తానికి ఆయనే పెద్ద, కంపెనీలో అందరికన్నా పాత మనిషి. నేను పొద్దున్నే వెళ్లి ఇవాళ గడ్డలు ఎక్కించనని చెప్పాను. తిడతాడనుకున్నాను. పుస్తకంలో నా సంతకం ఎట్టకు, నాకు ముగ్గురాడపిల్లలు అన్నాడు. అని, లేచి వెళ్లి షెడ్డు పెద్ద తలుపుల గడియలు తీశాడు. రెండు తలుపులూ బార్లా తెరిచాడు. తర్వాత ఒక్కొక్కరూ చేతి తొడుగులు విప్పి అరుగు మీద పెట్టారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. ఆయన ఎవరి పేర్లూ రాయొద్దన్నాడు, నా పేరు నేను రాసుకున్నాను. గురువులు పేరు కూడా రాసేశాను. వద్దన్నా రాశానని ఆయనకి చెప్పాను. సర్లే, ఎలాగూ దొరుకుతాను అన్నాడు.

ఎండ లోపలికి వచ్చింది. తలుపు పక్కనున్న గడ్డలు చెమర్చి, మెరిసి, కారడం మొదలుపెట్టాయి. షెడ్డు తూము చివరి వరస వైపే ఉంది, అక్కడ ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. ముందున్నామె నిండిన మొదటి బిందె ఎత్తి వెనకామెకి ఇచ్చేసింది. అదలా చివరి దాకా పోయింది.

బండి డ్రైవరు మీ మనిషి. అతన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంజను దిగి నీడలో కూర్చున్నాడు, అతనికీ నీళ్లిచ్చాం. చివరి పెట్టె తలుపు తెరిచే ఉంది. నూకాలప్ప, మిగతావాళ్లు లోపలే కూర్చున్నారు. దిగమంటే దిగలేదు. తూము నీళ్లు పెట్టె దగ్గరికి పట్టుకెళితే తాగారు. ఆ పెట్టె పట్టాల మీద నిలబడి ఉంది, ముందుకీ పోదు, ఖాళీ కూడా కాదు. వాళ్లని మేం దింపలేం. మీరే దింపాలి.

బండి కదలదు కాబట్టి ఈ చివరి పేజీలు తంతి మీద పంపుతున్నాను. దుబాసీ తంతి గది తాళం నా చేతిలో పెట్టి, నేను లేనప్పుడు తీసుకున్నావని చెప్పుకో అన్నాడు. చెప్పను. ఆయనే ఇచ్చాడు. ఆయనకి కూడా ఒక వరస ఉందని మీరు తెలుసుకోవాలి.

మాకు జాలి వద్దు, ప్రదర్శన వద్దు, అద్దం కట్టిన కాగితం వద్దు. కావలసినవి రెండు.

పొద్దుటి గాలి లేచినప్పుడు బురుజులు ఆపాలి. చివరి వరస వలలు తడిసి కుండలోకి బొట్టు పడే దాకా తిరిగి వెయ్యకూడదు. ఒక రోజు కాదు, ప్రతి రోజూ.

చివరి పెట్టెలో ఉన్న ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి, నీ మాట నీకు వదిలేశాం అని చెప్పాలి. పేర్లు దుబాసీ దగ్గరున్నాయి. మొదట నూకాలు పేరు చదవండి.

షెడ్డులో ఇంకా సగం పైగా ఐసు ఉంది. వెనక గడ్డలకి ఇంకా ఎండ తగల్లేదు. మీ ఇంజన్లు ఎంతసేపు తాళగలవో మీ ఇంజనీర్లని అడగండి. సిపాయిల్ని పంపితే వాళ్లు వచ్చేలోపు మిగతా గడ్డలు కూడా ఎండలోకి లాగుతాం. ఆ పని మాకు బాగా అలవాటు.

జవాబు తెలుగులో రాయండి, అందరి ముందూ నేనే చదువుతాను. రేపు పొద్దుటి గాలి లేచేలోపు అందాలి.